నా ఐదు ఆల్బమ్‌లు.. ఐదోదాని వెనక కథ

పోయిన శుక్రవారం. రిలీజ్ అయిపోయింది, ఆఫీసులో ఎవరికీ పని చెయ్యాలని లేదు. లంచ్ టేబుల్ దగ్గర మావాడొకడు ప్రశ్న వేశాడు. "ఐదంటే ఐదే ఆల్బమ్‌లు ఉంచుకోవాలి. మిగతావన్నీ జీవితాంతం బంద్. ఏవి ఉంచుకుంటావ్?"

మా టీమ్‌లో పాటల పిచ్చివాళ్ళం నలుగురం ఉన్నాం. అప్రైజల్ గురించి కూడా మేము ఎప్పుడూ అంత సీరియస్‌గా మాట్లాడుకోలేదు. అరగంట కొట్టుకున్నాక నేను తేల్చిన లిస్టు ఇదీ:

1. సిరివెన్నెల (1986)
2. రుద్రవీణ, స్వర్ణకమలం (రెండూ 1988. రెండూ కలిపి ఒకటే అని నా వాదన. ఎందుకో కింద చెప్తా)
3. గీతాంజలి (1989)
4. గోదావరి (2006)
5. శ్యామ్ సింగ రాయ్ (2021)

మొదటి నాలుగింటికీ ఎవరూ పేచీ పెట్టలేదు, "అంకుల్ లిస్టు" అని నవ్వడం తప్ప. (నాకింకా ముప్పై రాలేదు మహాప్రభో!) ఐదోదాని దగ్గర మాత్రం పట్టుకున్నారు. "పాటలు బావుంటాయి, కాదనం. కానీ ఇళయరాజా పక్కన కూచోబెట్టేంతా? రెహమాన్‌ది ఒక్కటీ లేకుండా?" న్యాయమైన ప్రశ్నే. రెండు నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి "ఏదో అలా నచ్చేసింది లే" అని తప్పించుకున్నా. ఇక్కడ మాత్రం చెప్పేస్తా.

నిజానికి ఆ నాలుగూ నేను ఎంచుకున్నవి కావు. మా నాన్నవి.

నాన్న పశ్చిమ గోదావరిలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళు మెషీన్ ఆపరేటరుగా చేశారు. ధాన్యం పోసే దగ్గర్నించి బియ్యం బస్తా కుట్టే దాకా అన్నీ ఒకే కప్పు కింద, అన్నీ ఒకేసారి తిరుగుతుంటాయి. చిన్నప్పుడు కేరేజీ ఇవ్వడానికి వెళ్తే, లోపల ఎవరూ నోటితో మాట్లాడేవారు కాదు. అంతా చేతి సైగలే. అదేదో రహస్య భాషలా నాకు భలే సరదాగా ఉండేది. అది సరదా విషయం కాదని అప్పుడెవరికీ తెలీదు, నాన్నతో సహా.

సాయంత్రం ఒంటినిండా తవుడుతో వచ్చి, స్నానం చేసి, టేప్ రికార్డర్ ముందు కూచునేవారు. పొద్దస్తమానం ఆ రొద విన్న మనిషికి కాస్త నిశ్శబ్దం కావాలనిపించాలి కదా.. ఆయనకి పాట కావాలి. అందులోనూ మాట కావాలి. ట్యూను ఎంత బావున్నా "ఏం రాశాడ్రా?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. సినిమా హాళ్ళ బయట అమ్మే పాటల పుస్తకాలు మీలో ఎంతమందికి గుర్తో గానీ, పల్చటి కాయితం, పేజీకి నాలుగు అచ్చుతప్పులు, అవి మా ఇంట్లో ఒక రేకు పెట్టెడు ఉండేవి. ముందు పుస్తకం చదవాలి, ఆ తర్వాతే పాట వినాలి. అదీ ఆయన పద్ధతి.

సిరివెన్నెల కేసెట్టు నాన్న పెళ్ళికి ముందే కొనుక్కున్నారు. "నాకంటే ముందు ఆ ఇంటికి కాపరానికొచ్చింది అదే" అంటుంది అమ్మ. చూపు లేని వేణుగాన విద్వాంసుడు, మాట లేని చిత్రకారిణి.. విశ్వనాథ్ గారు తప్ప ఇంకెవరు తీస్తారు అలాంటి కథ! మహదేవన్ గారి సంగీతం, హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు. సీతారామశాస్త్రి అనే ఒక కొత్తాయన పాటలు రాస్తే, ఆ సినిమా పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది. నాన్నకి మాత్రం ఆయన మొదటి రోజు నుంచీ "శాస్త్రిగారే". ఏదో మా వీధి చివర కాపురం ఉంటున్నట్టు.

రుద్రవీణ, స్వర్ణకమలం ఒకటే అని ఎందుకన్నానంటే, మా ఇంట్లో అవి నిజంగానే ఒకే కేసెట్టు. టౌన్లో రికార్డింగ్ షాపుకి పాటల చీటీ రాసిస్తే ఎక్కించి ఇచ్చిన అరవై నిమిషాల కేసెట్టు. ఒక వైపు రుద్రవీణ, తిప్పితే స్వర్ణకమలం. రెండింటికీ ఇళయరాజాయే, రెండింటికీ శాస్త్రిగారే. రుద్రవీణకి బాలుగారికీ ఇళయరాజాకీ ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయని నాన్న నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఒక వైపుకి ముప్పై నిమిషాలే కాబట్టి చివరి పాట చరణం మధ్యలో టక్కున ఆగిపోయేది. ఆ పాట అంతే అనుకున్నా చాలా ఏళ్ళు. ఇంజనీరింగ్‌లో నెట్‌లో మొత్తం విన్నప్పుడు, మిగిలిన ఆ ముక్క ఎవరో తర్వాత అతికించినట్టు అనిపించింది. ఇప్పటికీ అలవాటు కాలేదు :)

ఇక గీతాంజలి. ఇది నాన్నకీ నాకూ చెరో సగం. మా టేప్ రికార్డర్‌కి ఉన్నది ఒకటే స్పీకరు, అదీ చిన్నది. అందులో వేటూరి గారి మాటలు, బాలుగారి గొంతు, వయొలిన్లు అన్నీ వచ్చేవి. బేస్ గిటార్ మాత్రం వచ్చేది కాదు. హాస్టల్లో మా రూమ్మేట్ మంచి హెడ్‌ఫోన్స్ ఇచ్చి వినమంటే, ఆ పాటల కింద ఇంకో పాట నడుస్తోందని అప్పుడు తెలిసింది. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, గీతాంజలిలో మనం సగమే విన్నాం" అని చెప్పా. "సగానికే ఇన్నాళ్ళు బతికాం కదరా" అన్నారు.

గోదావరి సంగతి వేరే. వేటూరి గారి మాటలు, రాధాకృష్ణన్ సంగీతం, శేఖర్ కమ్ముల తీసిన మా నది. మా ఇంట్లోకి వచ్చిన చివరి కేసెట్టు అది. ఆ తర్వాత నాన్న కొత్త పాటలేవీ ఇంటికి తేలేదు. కేసెట్లు పోయి సీడీలు, ఎంపీత్రీలు వచ్చాయి కాబట్టి మానేశారనుకున్నాం. అందరి నాన్నలూ ఏదో ఒక ఏడు దగ్గర ఆగిపోతారుగా, మా నాన్న 2006 దగ్గర ఆగారనుకున్నాం. అంతే.

అసలు కథ 2020 సంక్రాంతికి మొదలైంది. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. నా జీతంతో కొన్న బ్లూటూత్ స్పీకరు పట్టుకుని ఊరెళ్ళా. అప్పుడు ఎక్కడ విన్నా 'అల వైకుంఠపురములో' పాటలే. సిద్ శ్రీరామ్ పాడిన పాట పెట్టా. నాన్న రెండు నిమిషాలు విని, పేపరు మడిచి పక్కన పెట్టి, "మాటలు వినపడట్లేదురా. ఈ కాలం పాటల్లో మాటని మింగేస్తున్నారు" అన్నారు.

ఇక చూస్కోండి నా ఉపన్యాసం. మీ కాలంలో గొంతు ముందు పెట్టి వాయిద్యాలు వెనక పెట్టేవారు, ఇప్పుడు మిక్సింగ్ పద్ధతి వేరు, చెవి అలవాటు పడాలి, ప్రతి తరానికీ తర్వాతి తరం పాట చప్పుడులాగే ఉంటుంది, మీ నాన్న కూడా నిన్ను ఇదే అనుంటారు.. పావుగంట చెప్పా. చివర్లో "నాకు శుభ్రంగా వినపడుతోంది మరి!" అని కూడా అన్నా. టెస్టింగ్ టీమ్ బగ్ రాస్తే మనం చెప్పే మాట లేదూ, "నా మెషీన్‌లో బానే పనిచేస్తోంది" అని.. అచ్చం అదే.

అక్కడితో ఆగినా బావుండేది. "ఇంతకీ ఈ పాట రాసిందెవరో తెలుసా? మీ శాస్త్రిగారే" అన్నా. గెలిచినట్టు అన్నా.

నాన్న ఏమీ అనలేదు. కాసేపాగి "ఇంకోసారి పెట్టు" అన్నారు. కుర్చీ స్పీకరు దగ్గరికి జరుపుకుని, తల వంచి పాటంతా విన్నారు. అయ్యాక "బాగుందిరా" అన్నారు. ఆ "బాగుందిరా"కి అర్థం నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ తర్వాత రెండు నెలలకే లాక్‌డౌన్. ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరొచ్చేశా. అందరి మూతులకీ మాస్కులు వచ్చాయి. మందుల షాపు అబ్బాయి చెప్పింది నాన్నకి అర్థం కాదు, బ్యాంకులో పిలిస్తే పలకరు, పాలవాడితో గొడవ. ఇంట్లో మాతో మాత్రం ఏ తేడా లేదు. ఇంట్లో మాకు మాస్కుల్లేవు, ఆయన మా పెదాలు చూసి సగం మాటలు పట్టుకుంటున్నారని మాకెవరికీ తట్టలేదు. బహుశా ఆయనకీ తెలీదు.

అదే ఏడు సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. రోజంతా టీవీలో ఆయన పాటలే. నాన్న వసారాలో కూచుని, హాల్లో టీవీ వైపు చూడకుండానే, ప్రతి లైనూ సన్నగా కలిపి పాడుతున్నారు. ఒక్క మాట తప్పు పోలేదు. "చూశావా, చెవులు బానే ఉన్నాయి" అని అమ్మతో అన్నది నేనే. ఇంజనీరుని కదా, డీబగ్ చేశాననుకున్నా. ఆ పాటలన్నీ కేష్ నుంచి వస్తున్నాయని, సర్వర్ దాకా వెళ్ళే పనే లేదని నాకు వెలగలేదు. ట్యూను మొదలైతే చాలు, మాటలు ఆయన లోపల్నించే వచ్చేస్తాయి.

2021 మొదట్లో, కోవిడ్ కాస్త నెమ్మదించాక, అమ్మ పోరు పడలేక చెవుల పరీక్షకి తీసుకెళ్ళా. ఆడియోగ్రామ్ అని ఒక గ్రాఫు ఇచ్చారు. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా పౌనఃపున్యాలు, నిలువుగా డెసిబెల్స్. కిందికి వెళ్ళే కొద్దీ వినికిడి తగ్గినట్టు. నాన్న గ్రాఫు 1000 దాకా చక్కగా నడిచి, అక్కణ్ణించి జారి, 4000 దగ్గర గోతిలో పడింది. రెండు చెవులకీ ఒకేలాగ. ఆడియాలజిస్టు గ్రాఫు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఏ మిల్లులో చేశారండీ?"

ఏళ్ళ తరబడి పెద్ద చప్పుడు మధ్య పనిచేసేవాళ్ళకి దెబ్బ మొదట తగిలేది ఆ 4000 చుట్టుపక్కలేనట. లోపలి చెవిలో ఉండే సన్నటి రోమ కణాలు చచ్చిపోతాయి. మనుషుల్లో అవి మళ్ళీ పుట్టవు. నొప్పి ఉండదు, చీము కారదు, ఒకరోజు పొద్దున్నే తెలిసే జబ్బూ కాదు.

ఆ రాత్రి కూచుని చదివా. పియానోలో కుడి పక్క చిట్టచివరి మెట్టు దాదాపు 4186 హెర్ట్జ్. అంటే స్వరాలన్నీ ఇంచుమించు నాన్నకి పడిన గోతికి ఇవతలే ఉన్నాయి. ట్యూను ఎక్కడికీ పోదు. స, శ, త, ప, క లాంటి హల్లులకి గుర్తులన్నీ ఆ పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. అచ్చులు కింద ఉంటాయి. మన తెలుగులో మాటలు అచ్చుతో ముగుస్తాయి, గాయకుడు సాగదీసేదీ అచ్చునే. కాబట్టి హల్లులన్నీ రాలిపోయినా పాట పాటలాగే వినపడుతుంది, ఏదో పోయిందన్న అనుమానమే రాదు. మాట మాత్రం ఉండదు. "మాటని మింగేస్తున్నారు" అని నాన్న ఇచ్చింది అక్షరాలా సరైన బగ్ రిపోర్టు. దాన్ని నేను అభిప్రాయం కింద జమకట్టి, క్లోజ్ చేసేశా.

ఆయనకి మాట ఎంత ముఖ్యమో మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదుగా. ఫోన్లో ఈక్వలైజర్ పెట్టి 4000 దగ్గర పెంచా. నాన్న చెవులు మూసుకున్నారు. పాడైన చెవికి చిన్న చప్పుడు వినపడదు, పెంచితే ఒక్కసారిగా భరించలేనంత అయిపోతుంది. మధ్యలో హాయిగా ఉండే జాగా చాలా ఇరుకు. హియరింగ్ ఎయిడ్ కొన్నాం. టీవీ వార్తలు వినపడ్డాయి, మనవరాలు (అక్క కూతురు) ఫోన్లో చెప్పే కబుర్లు వినపడ్డాయి. ఆయన సంతోషించారు, మేమూ సంతోషించాం.

అదే జోరులో సిరివెన్నెల పెట్టాం. వేణువు మొదలవగానే నాన్న మొహం మారిపోయింది. "ఇదేంట్రా, ఇలా వణుకుతోంది?" అన్నారు. తర్వాత తెలిసింది, హియరింగ్ ఎయిడ్‌లు అప్పుడప్పుడు వాటంతట అవే ఈల వేస్తాయి. ఆ ఈలని పట్టుకుని నొక్కెయ్యడానికి లోపల ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. సన్నగా, నిలకడగా సాగే వేణు స్వరం దానికి అచ్చం తన ఈల లాగే కనిపిస్తుంది. చౌరాసియా గారి వేణువుని అది ఎర్రర్ అనుకుని తుడిచెయ్యబోయింది! ఎవరో మనలాంటి ఇంజనీరే రాసి ఉంటాడు ఆ కోడ్. టెస్ట్ కేసుల్లో మనుషుల మాటలన్నీ పెట్టి ఉంటాడు, వేణువు మర్చిపోయుంటాడు. మళ్ళీ వెళ్ళి అడిగితే సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టిచ్చారు. వణుకు చాలావరకు పోయింది. కొత్త పాటల్లో మాట మాత్రం తిరిగి రాలేదు.

2021 నవంబరు 30న శాస్త్రిగారు పోయారు. నాన్న ఆ పూట అన్నం తినలేదు. రాత్రి వసారాలోకి వచ్చి నా పక్కన కూచుని, "ఆయన ఈ పదేళ్ళలో రాసినవి ఒక్కటీ నాకు తెలీదురా" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. మా ఇంట్లో సారీలు చెప్పుకునే అలవాటు లేదు.

డిసెంబరులో 'శ్యామ్ సింగ రాయ్' పాటలు వచ్చాయి. మిక్కీ జె. మేయర్ సంగీతం. అందులో శాస్త్రిగారు రాసినవి ఆయన చివరి పాటల్లో ఉన్నాయి, సినిమా విడుదలయ్యే నాటికి ఆయన లేరు. ఒక రాత్రి ఆఫీసు కాల్స్ అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాజ్ చేస్తూ, వెనక్కి తిప్పుతూ, వాటిల్లో ఒక పాటని తెల్ల కాయితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశా. నెట్‌లో దొరికేదే. కానీ వెతకాలనిపించలేదు, వినే రాయాలనిపించింది. నిజం చెప్పొద్దూ, రెండు చోట్ల మాట నాక్కూడా అందలేదు. ఒకటి పదిసార్లు వింటే దొరికింది. రెండోది దొరక్క, ఊహించి ఏదో రాసేశా. అంటే నాన్న చెప్పినదాంట్లో చెవుల వాటా పోను పాటల వాటా కూడా కొంత ఉందన్నమాట!

పొద్దున్నే కాఫీతో పాటు ఆ కాయితం ఇచ్చా. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. నా ఒత్తులు రెండు దిద్దారు. తర్వాత ఒక చోట వేలు పెట్టి, "ఇది కాదురా ఇక్కడ" అన్నారు. నేను ఊహించి రాసిన మాట అది.

"నువ్వింకా పాటే వినలేదుగా?"

"వినక్కర్లేదు. ప్రాస తప్పింది. శాస్త్రిగారు అలా రాయరు." ఇంకో మాట చెప్పారు. అదై ఉంటుందన్నారు.

పాట పెట్టా. నాన్న కాయితం చేత్తో పట్టుకుని, వేలితో ఒక్కో పాదం వెంట వెళ్తూ వింటున్నారు. ఆ చోటు వచ్చింది. ఆయన చెప్పిన మాటే. ఒకసారి తెలిశాక నాకూ స్పష్టంగా వినపడింది, ఇంతసేపూ ఎలా వినపడలేదో అర్థం కాలేదు. ముందు మాట తెలిసి ఉంటే, చెవికి వచ్చే కాస్త ఆనవాలుతోనే మెదడు మిగతాది పూరించుకుంటుంది. సినిమా హాలు బయట పాటల పుస్తకం కొనుక్కున్న రోజుల నుంచీ నాన్న చేస్తున్నది అదే.

పాట అయ్యాక "బాగుందిరా" అన్నారు. అని ఆగలేదు. ఏ పాదం ఎందుకు బాగుందో, అదే భావం స్వర్ణకమలంలో ఎక్కడ ఉందో, ఎక్కడ తేలిపోయిందో మొదలుపెట్టి, నా స్టాండప్ కాల్ టైము దాటించేశారు.

అదీ నా ఐదో ఆల్బమ్.

ఆ తర్వాత ఇది మాకో పద్ధతైపోయింది. ఇప్పుడు నేను మళ్ళీ సిటీలో ఉన్నా, నెలకి రెండు మూడు పాటలు రాసి, ఫోటో తీసి పంపిస్తా. ఆయన దిద్దిన కాయితం ఫోటో నాకు వెనక్కి వస్తుంది. కోడ్ రివ్యూ కన్నా కఠినంగా ఉంటుంది ఆ వ్యవహారం :) "అల వైకుంఠపురములో" పాట కూడా పంపా. దానికి ఫోటో రాలేదు, ఫోనే వచ్చింది. "ఆ సంక్రాంతికే ఇది రాసిచ్చి ఉంటే గొడవే లేకపోయేది కదరా" అని నవ్వారు.

ఇంకో మాట చెప్పి ముగిస్తా. 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకి ఎనిమిది గంటలకి మించకూడదంటారు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ టైము సగానికి పడిపోతుంది. హెడ్‌ఫోన్స్‌కైతే 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన ఓపెన్ ఆఫీసుల్లో పక్కవాడి కాల్ వినపడకూడదని మనం పెట్టే వాల్యూమ్ ఎంతో, ఎన్ని గంటలో ఒకసారి చూసుకోండి. నేను చూసుకున్నా. నాకు మిల్లు లేదు గానీ చెవులు ఆయనవే. రెండు గీతలు తగ్గించా. గీతాంజలి బేస్ ఇప్పటికీ బానే వినపడుతోంది. నాన్నకీ అంతే, ఆ కింది స్వరాలకి ఆయన చెవులు ఇంకా బంగారం. మొన్న ఊరెళ్ళినప్పుడు చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ కేసెట్టు పాటలన్నీ విన్నాం. బేస్ వచ్చినప్పుడల్లా "ఇదేనా నువ్వు ఫోన్లో చెప్పిన సగం?" అని అడిగారు.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ నాన్నగారు కొత్త పాట బాలేదంటే, వాదన మొదలుపెట్టే ముందు ఒక్కసారి అడగండి, మాట వినపడుతోందా అని.